ఆదెమ్మ కేక

...ఏమనుకోకు కన్నా, పొద్దున చెప్తానన్న కథ ఇదిగో ఇప్పటికి చెప్తున్నాను. పని తెమల్లేదమ్మా. దుప్పటి కప్పుకున్నావా? ఊఁ కొట్టు మరి, ఫోన్లో రికార్డు చేసి పంపుతున్నా కాబట్టి నాకు వినపడకపోయినా సరే.

అనగనగా సముద్రం పక్కన ఒక ఉప్పుమళ్ళ ఊళ్ళో ఆదెమ్మని ఒకావిడ ఉండేది. ఊరంతా ఒకచోట, ఆవిడ పాకొక్కటీ మళ్ళ చివర. ఉప్పుకుప్పలకి కాపలా. మబ్బు పడితే చాలు, "ఆకెయ్యండో!" అని కేకపెట్టేది. అప్పుడు అందరూ పరిగెత్తుకొచ్చి కుప్పలమీద తాటాకులు కప్పేవాళ్ళు. ఆ తర్వాత ఎవరిళ్ళకి వాళ్ళు. తిన్నావా ఆదెమ్మా అని ఒక్కళ్ళూ అడిగేవారు కాదు. అందర్నీ పిలిచేది ఆవిడే, ఆవిణ్ణి పిలిచేవాళ్ళే లేరు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. ఒకటే ఉక్క. ఆ తర్వాత ఆకాశం పాచిపట్టిన గచ్చులా పచ్చగా తిరిగింది. ఆ తర్వాత టపటపా వడగళ్ళు. ఆదెమ్మ అలవాటుకొద్దీ "ఆకెయ్యండో!" అనేసింది. జనం బయల్దేరిపోయారు.

అప్పుడు చూసిందమ్మా, మబ్బుకి తోక దిగింది!

అదే సుడిగాలి. కిందున్న వేడిగాలి పైకెళ్తానంటుంది, పైనున్న చల్లగాలి కిందకొస్తానంటుంది. ఇరుకు మెట్లమీద ఇద్దరు ఎదురుపడ్డట్టు ఒకదాన్నొకటి తోసుకుని గిర్రున తిరుగుతాయి. ఆ తోక అటూ ఇటూ జరగట్లేదు, ఉన్నచోటే లావెక్కుతోంది. అంటే మనమీదకే వస్తోందన్నమాట. పట్టాల్లేని చోట రైలు మోత!

"ఆకొద్దు! కాలవలోకి దిగండి!" అని అరిచింది. ఎవరూ ఆగలా. మళ్ళీ అరిచింది.

"మతిపోయిందేంటే? నా కుప్ప కరిగిపోతే నువ్వు ఆరబెడతావా?" అంది ఊళ్ళోంచి పరిగెత్తుకొచ్చిన గవరమ్మ.

మూడోసారి అరవలేదు. చేతిలో తాటాకు గాల్లోకి విసిరింది. అది గిరగిరా పైకిపోయింది, మరి కిందకి రాలేదు.

అంతే, అందరూ ఎండిన కాలవలోకి దూకారు. బోర్లా పడుకుని, తట్టలు నెత్తిన పెట్టుకుని, చేతులు మెడమీద వేసుకున్నారు. చుట్టూ బయలు కాబట్టి కాలవ. నువ్వైతే కింది అంతస్తులో, కిటికీల్లేని లోపలిగదిలో, గట్టి బల్లకింద తల దాచుకోవాలి. చూద్దామని కిటికీ దగ్గరకి వెళ్ళకూడదు, చెట్టుకింద నిలబడకూడదు, కారులో కూర్చోకూడదు. సరేనా?

సుడి కుప్పల్ని ఎత్తుకుపోయింది. ఆకాశం నిండా ఉప్పే. మనుషులు మాత్రం అందరూ మిగిలారు. లేచి, ఎవరిళ్ళు చూసుకోడానికి వాళ్ళు పరిగెత్తారు.

ఆదెమ్మ పాకున్నచోట మూడు పొయ్యిరాళ్ళున్నాయి, అంతే. ఒక రాయిమీద కూర్చుంది. ఎటెళ్తుంది పాపం?

పొద్దుగూకుతుంటే ఊరివైపునుంచి కేక. "ఆదెమ్మో!"

ఎవరినో అనుకుంది. ఆ పేరు ఇంకొకళ్ళ నోట విని ఎన్నాళ్ళయిందో మరి.

"ఆదెమ్మో!" గవరమ్మ గొంతే. ఆదెమ్మ కదల్లేదు.

"ఓ ఆదెమ్మా! గంజి చల్లారిపోతోందే, వస్తావా రావా!"

అప్పుడు లేచిందమ్మా. కళ్ళు తుడుచుకుని, "వత్తన్నా!" అని మళ్ళన్నీ మోగేట్టు...

సుడిగాలి కడలికి,
ఆదెమ్మ గంజికి,
మన కథ కంచికి,
నువ్వేమో నిద్రకి...

ఆఁ? నన్నేనా? ఉండు కన్నా, ఎవరో అన్నానికి పిలుస్తున్నారు. వస్తున్నా...