కంపన్న పీకేసిన గులాబీలు

అనగనగా, పొద్దుటి ఎండ బాగా తగిలే ఒక కొండవాలు మీద, కంపన్న అని ఒక ఏదుపంది ఉండేవాడు. ఒళ్ళంతా ముళ్ళు కదా, ఎవరూ దగ్గరికి వచ్చేవారు కాదు. "నన్ను కావలించుకోవాలంటే వైద్యుణ్ణి వెంటబెట్టుకుని రావాలి" అని తన మీద తనే నవ్వుకునేవాడు.

అందుకేనేమో, తనలాగే ముళ్ళున్న గులాబీ పొదలంటే వాడికి ప్రాణం. వాగుకి వెళ్ళే దారి పక్కన నాటు గులాబీలు పెంచాడు. చలి మొదలయ్యే ముందు ముదురు కొమ్మల్ని పళ్ళతో ఏటవాలుగా కొరికేవాడు. మొదళ్ళ దగ్గర నీళ్ళు నిలవకుండా మట్టిని గుల్ల చేసేవాడు. ఆకులకి పేనుబంక పురుగు పడితే వేపాకు నూరి, ఆ నీళ్ళు చల్లేవాడు. పువ్వులు చిన్నవి. పూసిన మర్నాటికే రేకులు రాలిపోయేవి. వాసన మాత్రం వాగు ఒడ్డు దాకా పోయేది.

దారిన పోయేవాళ్ళు హాయిగా గాలి పీల్చుకుని వెళ్ళిపోయేవారు. ఆగి, వీటిని పెంచింది ఎవరని అడిగినవాళ్ళు లేరు. కంపన్నకి అది లోపల గుచ్చుకునేది. ఇన్ని ముళ్ళున్నవాడికి ఇంకో ముల్లు లెక్కా అని సర్దిచెప్పుకునేవాడు గానీ, మనసు వింటేగా.

ఒకరోజు తోకేశం అనే కొండముచ్చు, అవతలి కొండ మీది తోట నుంచి కొత్తరకం గులాబీ అంటుమొక్కలు తెచ్చాడు. ఒక్కో పువ్వు కొబ్బరిచిప్పంత పూస్తుందని, వారమైనా వాడదని చెప్పాడు. చూడటానికి అడవంతా కదిలి వస్తుందన్నాడు.

"మరి వాసనో?" అని అడిగాడు కంపన్న.

"వాసన కంటికి కనబడుతుందా ఏమిటి?" అన్నాడు తోకేశం.

ఆ మాట కంపన్నకి మహా గొప్పగా తోచింది. ఆ పూటే పాత పొదలన్నీ పీకి వాలు కిందికి దొర్లించేశాడు. వాటి చోట కొత్త అంట్లు పాతాడు.

అవి పూశాయి. నిజంగానే జనం విరగబడి వచ్చారు. కంపన్న తన ముళ్ళన్నీ పురివిప్పినట్టు విప్పుకుని అటూ ఇటూ తిరిగాడు. వెనక నిలబడ్డ కోతులు కిసుక్కున నవ్వాయి. అది మెప్పు అనుకుని ఇంకాస్త విప్పాడు.

కొన్నాళ్ళకి తేనెటీగలు రావడం మానేశాయి. చెవి దగ్గర రొద తగ్గిందిలే అని సంతోషించాడు. తర్వాత ఒక లేడి వచ్చి పువ్వులో ముక్కు పెట్టి, మళ్ళీ మళ్ళీ పీల్చి, తల విదిల్చుకుని వెళ్ళిపోయింది. పాపం, జలుబు చేసిందేమో అనుకున్నాడు.

ఆ తర్వాత ఒక పొద్దున్న, దారి కింద గోతిలోంచి మూలుగు వినిపించింది. దిగి చూస్తే రాగవ్వ. ఆవిడ కళ్ళు కనబడని ముసలి ముంగిస. కాలు బెణికి, పెదాలు ఎండిపోయి, నిన్నటి నుంచి అక్కడే పడి ఉంది.

"ఎలా పడ్డావవ్వా? రోజూ నడిచే దారేగా ఇది" అన్నాడు కంపన్న.

"గులాబీల వాసన పట్టుకుని వాగుకి పోయేదాన్ని నాయనా. ఈమధ్య ఆ వాసన ఆగిపోయింది, తడుముకుంటూ పోతుంటే నిన్న కాలు జారింది. ఆ పొదలు పెంచే మహానుభావుడు కన్నుమూశాడు కాబోలని ఏడ్చాను కూడా."

 తనని తలుచుకునేవాళ్ళే లేరని ఇన్నాళ్ళూ కుమిలిపోయాడు కంపన్న. తన కోసం ఏడ్చినావిడ తన మూలంగానే గోతిలో పడి ఉంది.

"వాడు బతికే ఉన్నాడవ్వా. పోయింది వాడి బుద్ధి ఒక్కటే. ఆ వెర్రివాణ్ణి నేనే" అన్నాడు. జరిగిందంతా దాచకుండా చెప్పాడు.

అవ్వ తిట్టలేదు. దాహంగా ఉందని మాత్రం అంది. తిట్టినా అంత బాధ కలిగేది కాదు.

ఎత్తుకుందామంటే ఒళ్ళంతా ముళ్ళాయె. చివరికి వెనక్కి తిరిగి, తోక దగ్గరి పొడవాటి ముల్లు చేతికర్రలా అందించాడు. అవ్వ దాన్ని పట్టుకుని లేచింది. అలాగే మెల్లగా వాగు దాకా నడిపించాడు. ఆ రోజు నుంచి ప్రతి పొద్దున్నా అదే పని.

తర్వాత వాలు కిందికి దిగి తను పారేసిన పొదల కోసం వెతికాడు. చాలావరకు ఎండిపోయాయి. ఒక దాని బెరడు గోటితో గీకితే లోపల పచ్చగా ఉంది. దాని కొమ్మలు తుంచి, వానలు పడగానే దారి పక్కన గుచ్చాడు. కొన్ని కుళ్ళిపోయాయి. కొన్ని చిగురు వేశాయి. కొత్త గులాబీలను మాత్రం పీకలేదు, వాటి తప్పేముందని.

తోకేశం వచ్చి, ఈ పుల్లలేమిటని అడిగాడు.

"నా తెలివితేటలు. ఇప్పుడిప్పుడే మొలుస్తున్నాయి" అన్నాడు కంపన్న.

చలికాలం వచ్చింది. ఒక పొద్దున్న రాగవ్వ ముల్లు పట్టుకుని నడుస్తూ ఉన్నట్టుండి ఆగింది. ముక్కు పైకెత్తింది. ముఖమంతా విప్పారింది. మెల్లగా ముల్లు వదిలేసింది.

"ఇక నువ్వు రానక్కర్లేదు నాయనా. నాకు దారి తెలిసింది" అంది.

"నాకూ దాహంగానే ఉందిలే అవ్వా" అని అబద్ధమాడి, కంపన్న ఆవిడ వెనకాలే నడిచాడు.

నీతి: మనల్ని మెచ్చుకునేవారి కోసం వెంపర్లాడుతూ, చడీచప్పుడు లేకుండా మన మీద ఆధారపడినవారిని మరిచిపోకూడదు.