సందు లేని బంతి

గోదావరి ఒడ్డున విమలబోధ స్వామి ఆశ్రమంలో ఉచిత వైద్యశాల ఉంది. రోగుల వివరాలు కంప్యూటరుకెక్కించే పని శిష్యుడు సుధన్వది. పని పూర్తిచేశాడు గానీ, కంప్యూటరు నత్తనడక పట్టింది. మందుల కిటికీ దగ్గర వరుస రోజురోజుకూ పెరుగుతోంది. తప్పంతా డాక్టర్లదేనని అతని గట్టి నమ్మకం.

"ఎలా అమర్చావు నాయనా?" అని అడిగారు స్వామి.

"ఫైలంతా ఒకే కొలత పేజీలు స్వామీ. ప్రతి పేజీనీ సూది మొన మోపే సందు లేకుండా నింపాను," అన్నాడు సుధన్వ మురిసిపోతూ. "ఎవరికైనా కొత్త మందు రాస్తేనే చిక్కు. ఆ పేజీలో చోటుండదు. దాన్ని రెండుగా విడదీసి, సగం మందిని వేరే పేజీకి తరలించాలి. ఈ డాక్టర్లేమో రాస్తూనే ఉంటారు!"

స్వామి నవ్వారు. "ఇవాళ భోజనాల బంతి నువ్వు వెయ్యి."

భోజనశాలలో బంతి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, ఎప్పుడూ అంతే. సుధన్వ విస్తళ్ళు అంచుకు అంచు తగిలేలా పరిచి, జనాన్ని మోకాలికి మోకాలు ఆనించి కూర్చోబెట్టాడు. స్వామి కూడా మధ్యలో సర్దుకున్నారు. వడ్డన కాగానే ఒక్కొక్కరే అన్నం కలపసాగారు.

స్వామి పక్కనున్న సన్యాసయ్య మాత్రం విస్తరి ముట్టలేదు. ఆయనకు చూపు లేదు. "మా గవరమ్మ వచ్చిందాండీ? విస్తట్లో ఏది ఎక్కడుందో తను చెప్పకపోతే నాకు ముద్ద దిగదండీ," అన్నాడు.

గవరమ్మ అప్పుడే ఆదరాబాదరాగా గుమ్మంలోకి వచ్చింది. భర్త కంటిమందు కోసం ఇంతసేపూ ఆ మందుల కిటికీ దగ్గరే నిలబడిపోయింది, పాపం.

సుధన్వ బంతి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. తింటున్న మనిషిని విస్తరి ముందు నుంచి లేపకూడదు. "రెండో బంతిలో కూర్చుందువుగానమ్మా," అన్నాడు ఎలాగో.

"పర్లేదు బాబూ," అంది ఆవిడ. కళ్ళు మాత్రం మొగుడి విస్తరి మీదే ఉన్నాయి.

స్వామి ఇంకా అన్నం కలపలేదు. తన విస్తరిని రెండు చేతులా ఎత్తుకుని లేచారు. "రా తల్లీ, కూర్చో," అని, బయట అరుగు మీదకు వెళ్ళిపోయారు.

"ఇదిగో, ఇటు పప్పు. ఇదేమో వంకాయ." గవరమ్మ భర్త చెయ్యి పట్టుకుని చూపిస్తోంటే ముసలాయన ముఖం విప్పారింది.

సుధన్వ పెరుగు గిన్నె పట్టుకుని అరుగు దగ్గరకు వచ్చాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"పేజీల్లోలాగే ఇక్కడా ఒక్క విస్తరి చోటైనా ఖాళీగా పోకూడదనుకున్నాను స్వామీ."

స్వామి పెరుగు కోసం అన్నంలో గుంట చేశారు.

"గవరమ్మ చోటును ఖాళీ అనుకున్నావు నాయనా."