పదమూడు నోళ్లు, నాలుగు భుజాలు

మన తాతల తాతల నాటి మాట. ఐర్లండు దేశంలో, ఏటి ఒడ్డున, కిల్‌డోవిన్ అనే బుల్లి ఊరుండేది. బుల్లిదే గానీ పార్లమెంటుకు ఒక సభ్యుణ్ణి పంపే హక్కు దానికుంది. ఓటర్లు పదమూడుమంది. అందరూ గ్లెన్‌బారో దొరగారి ఇళ్లలో ఉండేవాళ్లే. నలుగురి ముందు నోటితో చెప్పే ఓటది. దొర చెప్పిన పేరు కాక మరొకటి పలికితే మర్నాడే తట్టాబుట్టా సర్దుకోవాలి. దానికి ఎన్నికని పేరు!

ఆ పదమూడుమందిలో మంగలి ఫిన్నియన్ ఒకడు. అతని భార్య బ్రిజిడ్ మంత్రసాని. పురుడని కబురొస్తే వానైనా వరదైనా ఏరు దాటాలి. వంతెన కొట్టుకుపోయి ఆరేళ్లయింది. కిందటి చలికాలం పడవ తిరగబడితే, ఒడ్డు మీంచి వంగిన చెట్టుకొమ్మ పట్టుకుని బతికింది. అప్పటినుంచి ఆమె గడప దాటితే ఫిన్నియన్ గుండె పీచుపీచుమనేది.

వంతెన సంగతి సభలో ఎత్తవలసిన సభ్యుడు దొరగారి మేనల్లుడు. లండన్‌లో ఉంటాడు, ఈ ఊరి మొహమే ఎరగడు. ఈసారీ పదమూడు నోళ్లూ అతని పేరే పలికాయి.

గెలిచినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, భుజాల మీద మోస్తూ ఊరి హద్దుల వెంట తిప్పడం అక్కడి ఆచారం. మేనల్లుడు రానే లేదు.

"వాడు రాకపోతేనేం? ఆ సీటు నాది. నేనే కూర్చుంటాను," అన్నాడు దొర మీసం దువ్వుతూ.

ఫిన్నియన్‌కు తళుక్కున ఒక ఆలోచన మెరిసింది.

"చిత్తం దొరా. హద్దులన్నీ తిప్పమంటారా?"

"అన్నీ తిప్పండి. ఒక్క గజం తగ్గినా ఊరుకోను."

డోళ్లు మోగాయి. ఫిన్నియన్, మరో ముగ్గురు కుర్చీ ఎత్తారు. కోటగోడ దాటారు, సంతవీధి దాటారు, నేరుగా ఏట్లోకి దిగారు.

"ఎక్కడికిరా?"

"ఊరి హద్దు ఏటి నడుమన ఉంది దొరా. గజం కూడా తగ్గొద్దన్నారు కదా."

నీళ్లు నడుముదాకా వచ్చాయి, రొమ్ముదాకా వచ్చాయి. దొర బూట్లు తడిశాయి. ఏటి నడుమ నలుగురూ ఆగిపోయారు.

"వెనక్కి తిప్పండి. లేకపోతే ఇళ్లు ఖాళీ చేయిస్తాను."

చలికి ఫిన్నియన్ పళ్లు టకటకలాడుతున్నాయి. భయమూ వేసింది. అయినా ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

"ఇళ్లు తమరివే దొరా. మా నోళ్లూ తమరివే, పొద్దున పలికాం కదా. ఈ భుజాలొక్కటే మావి. అవి జారిపోతున్నాయి."

ఒడ్డు మీంచి బ్రిజిడ్ కేకేసింది. "పడితే ఆ వంగిన కొమ్మ పట్టుకోండి దొరగారూ. నన్ను బతికించింది అదే."

దొర కొమ్మవైపు చూశాడు, నీళ్లవైపు చూశాడు, తడిసిన బూట్లవైపు చూసుకున్నాడు. ఉన్నట్టుండి కుర్చీ ఊగిపోయేలా నవ్వాడు.

"ఒడ్డుకు చేర్చరా మహానుభావా. వేసవికి వంతెన కట్టిస్తాను."

మాట నిలబెట్టుకున్నాడు కూడా. వంతెన మీద మొదట నడిచింది బ్రిజిడే. ఆ రోజే దొర ఫిన్నియన్‌కు అతనుంటున్న ఇల్లు రాసిచ్చాడు.

"ఇల్లు నీదైంది. ఇక నీ నోరూ నీదే. వచ్చే ఎన్నికలో ఎవరి పేరు చెబుతావురా?"

"ఈ వంతెన మీద నడిచి మా ఊరొచ్చినవాడి పేరు దొరా."

దొర మళ్లీ పగలబడి నవ్వి, మేనల్లుణ్ణి వెంటనే బయల్దేరి రమ్మని లండన్‌కు ఉత్తరం రాశాడు.