గేదె మీద గీసిన గీత

కొండవాలులో మేసే పాడిగేదె మూడు రోజులుగా గడ్డి ముట్టడం లేదు. నడుము వంచి నిలబడుతుంది. పల్లంలోకి దిగమంటే మొరాయిస్తుంది. ముందుకాళ్ల మధ్య వాపు వచ్చింది. పాలు తగ్గిపోయి దూడకు డొక్కలు తేలాయి.

ఆ అడవిలో వైద్యులకు కొదవ లేదు. బుద్ధికే కొదవ.

"నడక సంగతి నాకంటే ఎవరికి తెలుసు?" అంది కోతి.

"రోగం కడుపులో ఉంటే కాళ్లు చూస్తావేం?" అని కస్సుమంది మేక.

పొదలోంచి నక్క వచ్చింది. "కొట్టుకోకండి, ఇద్దరూ ఘనులే" అంటూ ఎర్రమట్టి తడిపి, గేదె ముందుకాళ్ల పక్కనుంచి ఒంటి చుట్టూ గీత గీసింది. "ముందుభాగం కోతిబావది, వెనకభాగం మేకవదినది. ఒకరి హద్దులో ఇంకొకరు వేలు పెడితే మర్యాద కాదు."

గేదె వీపు మీద తిరిగే కొంగ ఊరుకోలేకపోయింది. "మూడు రోజుల కిందట కంచె దగ్గర గడ్డితోపాటు ఇనుపతీగ మింగిందయ్యా! మేత మానింది అప్పుడే, కాలు ఈడ్చింది అప్పుడే, వాపూ ఆ తర్వాతే. అన్నీ ఒకటే జబ్బు. దాన్ని కదిలించకండి!"

"పురుగులేరుకునేదానికి వైద్యం కూడానా?" అంది నక్క. వైద్యులిద్దరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

కాళ్లు సాగాలని కోతి గేదెను వాగుదాకా పరుగెత్తించింది. కడుపు కదలాలని మేక చేదాకులు కుక్కింది. వాపు మాత్రం సరిగ్గా గీత మీద ఉంది.

"అది మేకవదిన వంతు" అంది కోతి.

"కాళ్ల మధ్య ఉన్నది నాదెలా అవుతుంది?" అంది మేక.

రెండోనాడు పొద్దున్నే గేదె వాగు ఒడ్డున కూలిపోయి, మళ్లీ లేవలేదు. సంగతి తెలియని దూడ పొదుగు కుమ్ముతూనే ఉంది.

"కాళ్లయితే సాగాయి" అని గొణిగింది కోతి.

"కడుపూ కదిలింది" అంది మేక.

నక్క తీరిగ్గా పొట్ట చీల్చింది. "రండి, చూసి నేర్చుకోండి." తీగ పొట్టలోంచి గీత దాటి వెళ్లి గుండెలో దిగబడి ఉంది.

మేక తల దించుకుంది. కోతి నక్క వైపు తిరిగి, "నీకు ముందే తెలుసా?" అని అడిగింది.

"కొంగ చెప్పింది కదా" అంది నక్క మూతి నాక్కుంటూ. "విన్నది నేనొక్కదాన్నే."

ఒంటిని వాటాలేసి చూసే వైద్యం, దాన్ని పీక్కుతినేవాడికే మేలు చేస్తుంది.