మైకు ముందు ఒక మనిషి చోటు

శరభయ్యగారికి ఒక అలవాటు ఉండేది. మైకు ముందు ఎప్పుడూ సరిగ్గా మధ్యన నించునేవారు కాదు. ఎడమ పక్కకి జరిగి, ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలేవారు. కోడంబాకంలో ఇరవై ఏళ్ళు సౌండు ఇంజనీరుగా పనిచేసిన నాకు, ఆయన్ని మధ్యకి లాగేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. "ఎవరి కోసమండీ ఆ చోటు? ఇంట్లోంచి అమ్మగారు గానీ వస్తారా?" అని వేళాకోళం చేస్తే నవ్వి ఊరుకునేవారు.

ముప్ఫయ్యో ఏటే తాత వేషాలు మొదలుపెట్టిన మనిషి ఆయన. తెర మీద మునసబు, పురోహితుడు, పీనాసి మామగారు. తెర వెనక రాక్షసుడికీ, పాముకీ, చిలకకీ ఆయనదే గొంతు. రోడ్డు మీద కనబడితే జనం "ఈయన్నెక్కడో చూశామే" అనుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఆ గొంతుల విద్య కోసం విజయనగరం నుంచి వచ్చి ఆయన దగ్గర చేరినవాడు భానోజీ. ఎవరి గొంతైనా రెండుసార్లు వింటే చాలు, దించేసేవాడు. వాడికి అదో గర్వం.

ఆ ఏడు నరహరిగారని, తండ్రి వేషాలు వేసే ఆయన, సినిమా పూర్తికాకుండానే పోయారు. ఆయన ఆఖరి సీను భీమిలి ఒడ్డున తీశారు. అలిగిన కూతురు నీళ్ళ వైపు నడిచి వెళ్ళిపోతుంటే తండ్రి వెనక్కి పిలవాలి. రెండే రెండు మాటలు. గాలి హోరులో ఒక్కటీ సరిగ్గా పడలేదు. తర్వాత డబ్బింగు థియేటర్లో చెప్పించుకుందాం లెమ్మనుకుంటే, ఈలోపల మనిషే లేకుండా పోయాడు. ఆ మాటలు చెప్పడానికి భానోజీని పెట్టారు. అయితే నిర్మాతకి భయం ఎక్కువ. పోయినవాడి ఉసురు మనకెందుకయ్యా అని, నరహరిగారి భార్య హైమవతమ్మ విని సరేనంటేనే ఉంచుదామన్నాడు. శుక్రవారం సాయంత్రం లోపల ఆవిడ ఒప్పుకోకపోతే సీను మొత్తం ఎత్తేస్తారు.

భానోజీ పంతొమ్మిది సార్లు చెప్పాడు. తెర మీది పెదవి ఎలా కదిలితే అలా అతికింది. నా చెవులకైతే సాక్షాత్తూ నరహరిగారే. ఆవిడ మాత్రం ప్రతిసారీ తల అడ్డంగా ఊపింది. "గొంతు ఆయనదే నాయనా, కాదనను. అందులో ఆయన లేరు. ఈ సీను పోతే ఆయన నడుస్తుంటే మళ్ళీ చూసుకోలేను. అలాగని ఇది మా ఆయనే అనడానికి నోరు రావట్లేదు" అని భోరుమంది.

గురువారం మధ్యాహ్నం భానోజీ ముఖం వేలాడేసుకుని గురువుగారి దగ్గరికి వెళ్ళాడు. నేనూ ఉన్నాను.

"మాస్టారూ, మనిషి పోయాక అతని గొంతు ఎక్కడుంటుంది? ఎక్కడికి పోయి తెచ్చుకోమంటారు?"

శరభయ్యగారు ఒక పట్టు నస్యం పీల్చి, చెయ్యి దులుపుకున్నారు. "రేపు పదింటికి థియేటర్లో కనపడు" అన్నారు, అంతే.

మర్నాడు ఆయనే హైమవతమ్మని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. భానోజీ రెండు భుజాలూ పట్టుకుని తను నించునేట్టే మైకుకి ఎడమ పక్కకి జరిపారు. "ఇవాళ నువ్వు మాట్లాడకు. తెర మీద ఆయన ఊపిరి పీలిస్తే పీల్చు, వదిలితే వదులు. నోరు విప్పావో, చంపేస్తాను" అన్నారు. అద్దం ఇవతల ఉన్న నాకేసి తిరిగి, "మైకు మాత్రం తెరిచే ఉంచవయ్యా" అన్నారు.

మొదటి మాట ఉన్న ఫిల్ము ముక్క రెండు కొసలూ అతికించి గిరగిరా తిప్పుతాం, ఒకే సీను మళ్ళీ మళ్ళీ వచ్చేలాగ. శబ్దం లేదు. నరహరిగారు ఇసకలో నాలుగడుగులు వేస్తారు, భుజం మీద కండువా సర్దుకుంటారు, నోరు తెరుస్తారు, మూస్తారు. మళ్ళీ నాలుగడుగులు. పోయిన మనిషి అలా నోరు తెరుస్తూ ఉంటే, మాట లేకుండా చూడ్డం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పంతొమ్మిది సార్లూ మేం ఆయన్ని చూడలేదు, పెదవులే చూశాం.

ఏడోసారికి భానోజీ భుజాలు ఆయన భుజాలతో పాటు లేస్తున్నాయి. నోరు తెరవబోయే ముందు నరహరిగారి ఛాతీ ఒకసారి ఎగిరిపడుతోంది. ఆయనకి ఉబ్బసం. నిజం చెప్పొద్దూ, ఆ ఆయాసం మింగెయ్యవయ్యా అని మొదటిరోజే భానోజీకి చెప్పింది నేనే. మా పనిలో ఊపిరి కూడా చెత్త కిందే లెక్క. సిగ్గేసింది.

పదకొండోసారి నా ముందున్న శబ్దం మీటరు ముల్లు లేచింది.

అద్దంలోంచి చూశాను. భానోజీ నోరు బిగించే ఉంది. శరభయ్యగారు వెనక కుర్చీలో వక్క నములుతున్నారు. హైమవతమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. ముల్లు మాత్రం తెర మీది పెదవులతో పాటు లేచింది, వాటితో పాటు పడింది. నేను బీయస్సీ చదివినవాణ్ణి, దయ్యాలూ గియ్యాలూ అంటే కొట్టిపారేసేవాణ్ణి. యంత్రం ఆపి, రికార్డవుతున్న టేపు వెనక్కి తిప్పి వినిపించాను.

ముందు చిన్న ఆయాసం. ఆ తర్వాత, "అమ్మడూ! ఇంక చాలు, వెనక్కొచ్చెయ్యవే."

హైమవతమ్మ లేచింది. మైకు పక్కన ఖాళీగా ఉన్న చోటుకేసి చూసి, రోజూ ఇంట్లో విసుక్కున్నట్టే విసుక్కుంది. "ఇవాళా మందు వేసుకోలేదు చూడండి ఈయన." ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఆ ఆయాసం తియ్యకు బాబూ, అలాగే ఉండనీ" అంది.

భానోజీ గురువుగారి వైపు తిరిగాడు. "మాస్టారూ, ఒట్టు. నేను మాట్లాడలేదు."

"తెలుసురా" అన్నారు శరభయ్యగారు. "ఇంకొంచెం జరిగి నించో. ఆయనది రెండో మాట మిగిలి ఉంది."