భాగవతారిణి గజ్జెల ముడి

సోమసుందరంగారికి ఒక అలవాటుంది. తెనాలిలో కీళ్ళవాతానికి ఆయన్ని మించిన డాక్టరు లేడని మేమంతా గొప్పలు చెప్పుకుంటాం గానీ, ఆయన దగ్గర పని నేర్చుకునే పిల్లలు మాత్రం తలలు పట్టుకుంటారు. ప్రశ్న అడిగితే సూటిగా జవాబు చెప్పరు. "సాయంత్రం ఖాళీయేనా?" అంటారు.

లహరి డాక్టరు చదువు పూర్తిచేసి కొత్తగా ఆయన దగ్గర చేరిన అమ్మాయి. ఒకరోజు రోగులందరూ వెళ్ళాక నిలదీసినట్టే అడిగింది. "సార్, ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి కీలు లోపలి పొరను వాచిపోయేలా చేస్తుంది. ఆ వాపు ఎముకల మధ్య ఉండే మెత్తటి భాగాన్ని తినేస్తుంది. వేళ్ళు వంకర్లు పోతాయి. మందులతో అదుపు చేస్తాం, సరే. కానీ అరిగిన కీలు తిరిగి రాదు, రోగం పూర్తిగా వదలదు. మరి మనం చేసేదాన్ని వైద్యం అని ఎలా అంటాం?"

"సాయంత్రం ఖాళీయేనా?" అన్నారాయన.

ఆ సాయంత్రం శ్రీరామనవమి పందిట్లో ఆదిలక్ష్మి భాగవతారిణిగారి హరికథ. ఆవిడ గురించి ఏం చెప్పమంటారు! ఆవిడ చిడతలు మోగిస్తే గోడకు జారగిలబడ్డ ముసలాళ్ళు కూడా లేచి సర్దుకు కూర్చునేవారు. అలాంటి మనిషికి ఈ మాయదారి జబ్బు వచ్చింది. పొద్దున్నే పిడికిలి మూతపడదు, కాఫీ గ్లాసు రెండు చేతులా పట్టుకోవాలి. కిందటేడు పందిరెక్కనే లేదు. సోమసుందరంగారి మందులకు వాపులు తగ్గాయి. ఆయన చెప్పినట్టు రోజూ వేణ్ణీళ్ళలో చేతులు పెట్టి వేళ్ళు ముడుస్తూ చాపుతూ వచ్చి, ఈ ఏడు కథకు సరేనంది.

ఒక షరతు మీద. తన గజ్జెలు తనే కట్టుకోవాలని, కట్టుకోలేని రోజున కథ మానుకోవాలని చిన్నప్పుడు ఆవిడ గురువు పెట్టిన నియమం. ఉత్సవ కమిటీవాళ్ళకు ముందే చెప్పేసింది. "కట్టుకోగలిగితే ఎక్కుతాను. లేదంటే ఈ గజ్జెలు స్వామి పాదాల దగ్గర పెట్టి ఇంటికి పోతాను. మళ్ళీ నన్ను పిలవకండి." పాపం, ఈ సంగతి లహరికి తెలీదు.

పందిరి వెనక తడికల గదిలో డాక్టరుగారూ లహరీ ఒక బల్ల మీద కూర్చున్నారు. భాగవతారిణిగారు పీట మీద కాలుపెట్టి కుడికాలి గజ్జెలు ఎలాగో కట్టుకుంది. ఎడమకాలి దగ్గరకొచ్చేసరికి వేళ్ళు మొరాయించాయి. తాడు పట్టు దొరికినట్టే దొరికి జారిపోతోంది. బయట మైకులో ఆవిడ పేరు పిలుస్తున్నారు. లహరి చూడలేకపోయింది. "అయ్యో, నేనున్నాగా అమ్మా!" అంటూ గబుక్కున వంగి, రెప్పపాటులో తాడు బిగించి ముడేసేసింది.

పక్కనే శ్రుతి సరిచూసుకుంటున్న హార్మోనియం ఆయన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఎంత పని చేశావే తల్లీ!" అంది భాగవతారిణి. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇంకొకళ్ళు కట్టిన గజ్జెలతో నేను ఎలా ఎక్కనే?"

సంగతేమిటో హార్మోనియం ఆయన నాలుగు ముక్కల్లో చెప్పాడు. లహరి మొహం పాలిపోయింది. ఆ ముడి ఆరోగ్యంగా ఉన్న వేళ్ళు బిగించిన ముడి మరి, కట్టుకట్టినంత గట్టిగా పడింది. విప్పాల్సింది వాచిన వేళ్ళు. "నేనే విప్పేస్తానమ్మా" అంటూ మళ్ళీ వంగింది. వంగి, ఆవిడ మొహంలోకి చూసింది; ఇదీ నా పనే అన్నట్టుంది ఆవిడ చూపు. చాచిన చేతులు అక్కడే ఆగాయి. మెల్లిగా వెనక్కి తీసుకుని, ఒళ్ళో పెట్టుకుని నేల మీదే కూర్చుండిపోయింది.

భాగవతారిణి పని మొదలుపెట్టింది. వేలి కొనల్లో బలం లేదు కాబట్టి బొటనవేలి పక్కతో ముడిని నెట్టింది. నొప్పి పుట్టినప్పుడల్లా ఆగి, పిడికిలి మూసి తెరిచి, మళ్ళీ వంగింది. నుదుట బొట్టు చెమటకు కారుతోంది. కమిటీ ప్రెసిడెంటు తలుపులోంచి తొంగిచూశాడు. "అమ్మా, జనం గోల చేస్తున్నారు. ఈ ఒక్కసారికి గజ్జెల్లేకుండా కూర్చుని చెప్పడానికి కుర్చీ వేయించమంటారా?"

"ఆ కుర్చీలో నువ్వు కూర్చో నాయనా, కాళ్ళు నొప్పెడుతున్నట్టున్నాయి" అంది తలెత్తకుండా.

ముడి వదులైంది. విప్పింది. తాడు ఒక కొసను కుడికాలి వేళ్ళ సందున నొక్కిపెట్టి, రెండో కొసను మణికట్టుకు చుట్టి లాగింది. ఈసారి ముడి పడింది. లేచి పాదం నేలకేసి కొట్టింది. గజ్జెలు ఘల్లుమన్నాయి. ఆహా, ఆ నవ్వు చూడాలి! చిడతలు కళ్ళకద్దుకుని, లహరి తల మీద ఒకసారి చెయ్యి వేసి, పందిట్లోకి నడిచింది.

మునుపటంత గట్టిగా చిడతలు మోగలేదు, అబద్ధమెందుకు. కానీ తాళం ఒక్కచోటా తప్పలేదు. జనం సద్దుమణిగి వినసాగారు.

లహరి తడికల పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంది. "నేనేమీ చెయ్యలేకపోయాను సార్. పైగా చెడగొట్టాను."

"రెండోసారి చేతులు వెనక్కి తీసుకున్నావు కదమ్మా" అన్నారు సోమసుందరంగారు. "ఆవిడ ముడి ఆవిడే వేసుకుంది చూడు, నువ్వడిగిన వైద్యం అదే. ఇక మాట్లాడకు, కథ విననీ."