చెంగల్వ చూసి వచ్చిన వెన్నెలమెట్ట

“చెంగల్వా! ఓ చెంగల్వా! వచ్చేశావా తల్లీ!”

అనగనగా రెండు అడవి రాజ్యాల నడుమ ఒక ఏరు. ఆ ఏటి గట్టున నిలబడి అలా కేకేశాడు కొమ్ములయ్య తాత. చుక్కల దుప్పుల మందకు ఆయనే పెద్ద. ఏరు ఈదుకుంటూ వస్తున్నది ఆయన మనవరాలు చెంగల్వ. ఒళ్లంతా తడి. కళ్ల నిండా మెరుపు.

ఏటికి ఇవతల మద్దికోన రాజ్యం. ఈ దుప్పులు పుట్టి పెరిగింది ఇక్కడే. గడ్డి మోటుగా ఉంటుంది. ఎండాకాలం నీళ్ల కోసం చాలా దూరం నడవాలి. ఏటికి అవతల వెన్నెలమెట్ట రాజ్యం. దాని సొగసు గురించి వినని చెవి లేదు. వానలు ముదిరేలోపు కాపురం అటు మార్చేద్దామని మందంతా ఉబలాటపడుతోంది. ఏరు ఒకసారి పొంగిందంటే చలికాలం దాకా తిరిగి రావడం కుదరదు మరి.

అందుకే దుప్పులకు ఒక ఆచారం ఉంది, పిల్లలూ. కొత్త చోటికి ముందు ఒకరే వెళ్లాలి. అక్కడ నీళ్లు తాగాలి, మేత మేయాలి, నిద్రపోవాలి. ఆ మూడూ చేసి వచ్చినవాళ్ల మాటే మంద వింటుంది.

“చెప్పవే, ఎలా ఉంది?” అంది నల్లంచు పిన్ని. ఆవిడ నిండు చూలాలు. పుట్టబోయే బిడ్డ కోసం అందరికంటే ఆవిడకే ఆత్రం ఎక్కువ.

“ఏం చెప్పను పిన్నీ! ఆకాశం నుంచి ఏరు దూకుతోంది. కింద పడేలోపే పొగైపోతోంది. ఆ పొగలో ఎన్ని రంగులో! నేను ఊపిరి తీయడం మరిచిపోయాను. సందె వేళకి ఒక చెట్టు నిండా మిణుగురులు వాలాయి. అన్నీ ఒక్కసారే వెలుగుతాయి, ఒక్కసారే ఆరిపోతాయి. చెట్టే కళ్లు మూసి తెరుస్తున్నట్టుంది! ఇంకా అక్కడ ఎలుగుబంటి వైద్యుడున్నాడు. కాలు విరిగిన కుందేలుకు కట్టు కట్టాడు. అది నా ముందే లేచి నిలబడింది!”

దుప్పులన్నీ నోళ్లు తెరుచుకుని విన్నాయి.

“ఇంకేం, తాత మోకాళ్లకి మంచి రోజులొచ్చాయి!” అంది ఒక కుర్ర దుప్పి. అందరూ నవ్వారు.

“నా మోకాళ్ల గొడవ నీకెందుకురా? ఉండు” అని తాత మనవరాలి వైపు తిరిగాడు. “నీళ్లు తాగావా?”

“తాగాను తాతా. చల్లగా, తియ్యగా ఉన్నాయి.”

“మేత?”

“మేశాను. ఎంత లేత గడ్డి!”

“నిద్ర?”

చెంగల్వ చెవులు వాలిపోయాయి. “ఆ... పోయాను.”

“ఇక ఆలస్యం దేనికి? పదండి!” అంటూ నల్లంచు పిన్నే ముందుగా ఏట్లోకి దిగింది. ఎగువన మబ్బు కమ్మింది. నీళ్లు ఎర్రబారుతున్నాయి. పిన్ని నిండు కడుపును అలలు తాకాయి. అది చూసి చెంగల్వ ఒక్క దూకు దూకి పిన్నికి అడ్డం నిలబడింది.

“తప్పుకోవే! ఏరు పెరుగుతోంది, కనబడటం లేదూ?”

“నేను నిద్రపోలేదు పిన్నీ.”

పిన్ని ఆగిపోయింది.

“అక్కడ నీళ్లొక్కటే ఊరికే దొరుకుతాయి. గడ్డికి కొండముచ్చులు కాపలా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాటికి ఆకుల మోపులు మోస్తే, ఒక్క నోటికి గడ్డి పెట్టాయి. పడుకునే నీడకి మళ్లీ వేరే మోత అన్నాయి. నాకు సత్తువ లేకపోయింది. నిలబడే తెల్లవార్చాను. అక్కడివాళ్ల బతుకూ అంతే పిన్నీ. మోపు కింద వంగిన తల ఎత్తి ఆ జలపాతం వైపు చూసినవాళ్లు నాకు ఒక్కరూ కనబడలేదు.”

పిన్ని వెనక్కి తిరిగి గట్టెక్కింది. ఆవిడ ఎక్కిందో లేదో, ఎగువ నుంచి ఏరు హోరుమంటూ వచ్చి ఒడ్డును ముంచేసింది. ఆ పొంగు చూసి అందరూ వెనక్కి జరిగారు.

“మరి కుందేలు కట్టు సంగతి?” అని మెల్లగా అడిగింది కుర్ర దుప్పి.

“అది నిజం. ఆ వైద్యుడు దేవుడే.”

“అయితే ఏరు తగ్గాక, రోగమొస్తే అటు వెళ్దాం” అన్నాడు తాత. “కాపురం మాత్రం ఇక్కడే. నీళ్ల కోసం నడుద్దాం. అలసిపోతే అలసిన చోటే పడుకుందాం.”

తర్వాత ఆయన మనవరాలి దగ్గరికి వచ్చి మెడ నిమిరాడు. “అంత కష్టం పడి ఎందుకు దాచావు తల్లీ?”

చెంగల్వ అవతలి ఒడ్డు వైపు చూసింది.

“నా ఆకలి సంగతి చెబితే, అది అంత అందంగా ఉందంటే మీరు నమ్మరనుకున్నాను తాతా. చూడటానికి నా రెండు కళ్లూ చాలలేదు. మీరంతా నా పక్కన నిలబడి చూడాలని ఆశపడ్డాను. అందుకే అబద్ధం చెప్పాను.”

నీతి: ఒక చోటు ఎంత గొప్పదో చెప్పేవాళ్లు, అక్కడ బతకడానికి ఏమి ఇచ్చుకోవాలో కూడా చెప్పాలి.